ఫిలడెల్ఫియా జట్టు: ఓటమిని గూర్చిన ఒక వాదము

ఆటలలో గెలుపోటములు సహజములని మనము తఱచుగా వినుచుందుము. ఒకనాటి ఓటమి విషయమున ఈ మాట చాలును. కాని ఒక జట్టు సంవత్సరమెల్ల ఓడుచు, మఱుసటి సంవత్సరమును ఓడుచు, మూడవ సంవత్సరమున మఱింత ఓడిన యెడల దానిని ప్రేమించు ప్రజలు ఏమి చేయవలెను? ఆ జట్టు పెద్దలే "ఇప్పుడు ఓడినను చింతలేదు, దీనివలన ముందు గొప్ప గెలుపు కలుగును" అని తలచినచో వారిని నమ్మవచ్చునా? అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఫిలడెల్ఫియా నగరమున 2013 వ సంవత్సరము మొదలుకొని ఈ ప్రశ్నను గూర్చి ఇండ్లలోను, వీధులలోను, పత్రికలలోను, రేడియోలోను ఎడతెగని వాదము జరిగినది. ఆ వాదము ఎట్లు పుట్టెనో, ఉభయపక్షములవారు ఏమి చెప్పిరో, తుదకు ఏమి ఫలము కలిగెనో మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును విశదపఱచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. రేపటి మేలు కొఱకు నేటి పనిని చెడగొట్టవచ్చునా అను ప్రశ్న ఇందులో ఇమిడియున్నది గనుక, ఆటలయందు ఆసక్తి లేనివారును దీనిని చదువదగును.

మొదట ఆ ఆటను గూర్చి కొంత చెప్పవలెను. బాస్కెట్ బాల్ ఆట 1891 వ సంవత్సరము డిసెంబరు మాసమున మసాచుసెట్సు రాష్ట్రమునందలి స్ప్రింగుఫీల్డు పట్టణమున పుట్టినది. అచటి వై. ఎం. సి. ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్సు నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు, మంచు కురియు దినములలో ఇంటిలోపల ఆడుకొనుటకు తగిన ఆట యొకటి కావలెనని, పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని పదియడుగుల యెత్తున కొట్టించి, 13 నియమములు వ్రాసి, తన శిష్యులచేత ఆడించెను. వై. ఎం. సి. ఏ. వారి మూలముననే ఆ యాట దేశదేశములకు వ్యాపించెను. మద్రాసులో 1920 వ సంవత్సరమున హారీ క్రో బక్ దొరగారు స్థాపించిన వ్యాయామ కళాశాలలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు దక్షిణదేశపు పాఠశాలలకు ఇట్టి యాటలను గొనివచ్చిరి. కావున ఈ యాట మనకు కేవలము పరాయిది కాదు.

ఈ యాటలో ఒక విశేషము కలదు. ఫుట్ బాల్ నందును క్రికెట్టునందును పక్షమునకు పదునొకండుగురు ఆడుదురు. బాస్కెట్ బాల్ లో ఒక్కొక పక్షమున ఒక్క సమయమున ఐదుగురే ఆడుదురు. ఆ ఐదుగురును బంతిని కాచుటయందును, బుట్టలో వేయుటయందును పాలుగొనవలెను. కావున ఒక్క గొప్ప ఆటగాడు చేరినచో జట్టులో ఐదవ పాలు మాఱిపోవును. అభిమానులు "ఫలానివాడు మన జట్టులో ఉండిన" అని రేయింబవళ్లు కలలు కనుటకు ఇదియే కారణము. ఆ కల వట్టిది కాదు. అయితే తక్కిన నాలుగు పాళ్లు మఱచిపోవుటయే ఆ కలలోని యపాయము.

ఇక అమెరికాలోని జాతీయ బాస్కెట్ బాల్ సంఘము, అనగా ఎన్. బి. ఏ., నడుచు విధమును తెలిసికొందము. అందు 30 జట్లు కలవు. ఒక్కొక జట్టు సంవత్సరమునకు 82 మ్యాచీలు ఆడును. పిమ్మట 16 జట్లు తుదిపోటీలలో ప్రవేశించును. అందు నాలుగు అంచెలు కలవు. ప్రతి అంచెలోను ఏడు మ్యాచీలలో నాలుగు ముందుగా గెలిచినవారు పైకి పోవుదురు. చివరకు నిలిచిన యొక్క జట్టే ఛాంపియన్. అనగా ప్రతి సంవత్సరము ఇరువదితొమ్మిది జట్లు నిరాశ చెందవలసినదే.

జట్టుకు ఆటగాండ్రను సంపాదించు మార్గములు మూడు. జీతమిచ్చి పిలుచుకొనుట మొదటిది. జీతముల మొత్తమునకు సంఘమువారు ఒక హద్దు నిర్ణయించిరి గనుక, కొన్ని మినహాయింపులున్నను, ధనమున్నంతమాత్రమున గొప్పవారినందఱిని ఒక్కచోట చేర్చుట సాధ్యము గాదు. ఒక జట్టుతో ఆటగాండ్రను మార్చుకొనుట రెండవది. క్రొత్తగా వచ్చు యువకులను వంతులవారీగా ఎన్నుకొనుట మూడవది. దీనికి డ్రాఫ్టు అని పేరు. మన బాలురు సాయంకాలమున పక్షములు పంచుకొనునప్పుడు బలహీనపక్షపు నాయకునికి మొదటి యెంపిక ఇత్తురు గదా! డ్రాఫ్టులోని న్యాయమును అట్టిదే. ఓడిన జట్లకు ముందు వంతు దొరకును. అయితే మొదటి వంతు కొఱకు ఎవరును బుద్ధిపూర్వకముగా ఓడకుండుటకై 1985 వ సంవత్సరమునుండి లాటరీ పెట్టిరి. ఫిలడెల్ఫియా వాదము మొదలైన కాలమున అందఱికంటె ఎక్కువ ఓడిన జట్టునకు మొదటి వంతు దొరకు అవకాశము నూటికి 25 పాళ్లు ఉండెను.

ఈ యేర్పాటువలన ఒక వింత పరిస్థితి ఏర్పడినది. మిక్కిలి మంచి జట్టునకు ఛాంపియన్ పదవి ఆశ గలదు. మిక్కిలి చెడ్డ జట్టునకు రేపు రాబోవు గొప్ప యువకుని యాశ గలదు. సగము గెలిచి సగము ఓడు జట్టునకు ఏ ఆశయు లేదు. అది తుదిపోటీలలో తొలి అంచెననే ఓడును. డ్రాఫ్టులో పదునైదవ వంతు దగ్గఱ నిలుచును. మఱుసటి సంవత్సరము మఱల అంతే. రెంటికి చెడిన రేవడి యన్నట్లుండును దాని స్థితి. ఫిలడెల్ఫియా జట్టు 2013 నాటికి ఇట్టి స్థితిలో చిక్కుకొని యుండెను.

ఆ జట్టు పేరు సెవెంటీ సిక్సర్స్. 1776 వ సంవత్సరమున అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆ నగరముననే జరిగినందున ఆ పేరు పెట్టిరి. మొదట సిరక్యూస్ పట్టణమున నుండిన ఆ జట్టు 1963 వ సంవత్సరమున ఫిలడెల్ఫియాకు వచ్చెను. 1967 లో విల్టు చాంబర్లెన్ ఆడిన కాలమున ఛాంపియన్ అయ్యెను. తరువాత ఐదాఱు సంవత్సరములకే దిగజాఱి, 1972-73 లో 82 మ్యాచీలలో 9 మాత్రమే గెలిచి 73 ఓడెను. ఆ నగరపు పెద్దలు నేటికిని ఆ సంఖ్యలను మఱువలేదు. అయితే ఆ జట్టే 1976 లో జూలియస్ ఎర్వింగును, 1982 లో మోజెస్ మలోన్ ను సంపాదించి, 1983 లో లాస్ ఏంజిలిస్ జట్టును వరుసగా నాలుగు మ్యాచీలలో ఓడించి మఱల ఛాంపియన్ అయ్యెను. 2001 లో అలెన్ ఐవర్సన్ నాయకత్వమున చివరి అంచెవఱకు పోయి ఓడెను. ఆ తరువాత 2025 వఱకును ఆ జట్టు చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచిన సంవత్సరమే లేదు.

2012 వ సంవత్సరమున జట్టు పెద్దలు ఆండ్రూ బైనం అను ఎత్తయిన ఆటగాని కొఱకు మంచి ఆటగాండ్రను ఇచ్చివేసిరి. బైనం మోకాళ్ల నొప్పులచేత ఆ నగరము పక్షమున ఒక్క మ్యాచియు ఆడలేదు. ఇచ్చినది పోయెను, తెచ్చినది దక్కలేదు. అప్పుడు, 2013 మే మాసమున, శామ్ హింకీ అను నతడు జట్టు నిర్వాహకుడుగా నియమింపబడెను. అతడు లెక్కలయందు ఆరితేరినవాడు. సగము గెలుపు ఎందుకును పనికిరాదనియు, ఉన్నదానిని విడిచి, డ్రాఫ్టు వంతులను కూడబెట్టి, గొప్ప యువకులు దొరకువఱకు వేచియుండవలెననియు అతని మతము.

అతడు వచ్చిన మాసమునకే, 23 ఏండ్ల వయస్సున నుండి, ఆ సంవత్సరమే మేటి ఆటగాండ్ర ప్రదర్శన మ్యాచికి ఎన్నుకోబడిన జ్రూ హాలిడేను మఱియొక జట్టునకు ఇచ్చివేసెను. అతనికి బదులుగా, మోకాలు దెబ్బతిని ఆ యేడు ఆడజాలని నెర్లెన్సు నోయెల్ అను యువకుని, మఱుసటి యేటి డ్రాఫ్టు వంతు నొకదానిని పుచ్చుకొనెను. 2014 లో మూడవ వంతున కామెరూన్ దేశీయుడైన జోయెల్ ఎంబీడ్ ను ఎన్నుకొనెను. పాదపు ఎముక విఱిగి ఎంబీడ్ రెండు సంవత్సరములు ఆడలేదు. 2015 లో మఱల మూడవ వంతున జాలిల్ ఓకఫర్ ను ఎన్నుకొనెను. ఫలితములు ఇవి: 2013-14 లో 19 గెలుపులు, 63 ఓటములు, అందు 26 ఓటములు వరుసగా, 2014-15 లో 18 గెలుపులు, 64 ఓటములు, 2015-16 లో 10 గెలుపులు, 72 ఓటములు. మూడేండ్లలో 246 మ్యాచీలు ఆడి 47 గెలిచిరి.

ఈ మూడేండ్లలో నగరము రెండు పక్షములుగా చీలెను.

మొదటి పక్షమువారు ఓర్పునే నమ్మిరి. "ఈ క్రమమును నమ్ముడు" అనునది వారి నినాదము. వారి వాదము ఇట్లుండెను: "మేము ముప్పది యేండ్లుగా ఛాంపియన్ పదవిని చూడలేదు. సగము గెలుపులతో మురిసి ముప్పది యేండ్లు గడచినవి. రైతు విత్తనపు గింజలను వండుకొని తినిన ఆ పూట కడుపు నిండును గాని మఱుసటి యేటికి పంట ఉండదు. ఇప్పుడు ఆకలికి ఓర్చినవారే రేపు కోయుదురు. ఐదుగురు ఆడు ఆటలో ఒక్క మహాపురుషుడు దొరకిన చాలును. అట్టివారు డ్రాఫ్టులో మొదటి వంతులలోనే తఱచుగా దొరకుదురు. నియమములు సంఘమువారు వ్రాసినవి. మేము నియమమును మీఱలేదు. నిదానమే ప్రధానము."

రెండవ పక్షమువారు ఇట్లు బదులు చెప్పిరి: "నియమమును మీఱకున్నను ఆటయొక్క ధర్మమును మీఱితిరి. కూలిపని చేయు తండ్రి సంవత్సరమునకొక్క మాఱు తన బిడ్డను తోడ్కొని టిక్కెట్టు కొని మ్యాచి చూడ వచ్చును. మీరు ఆ బిడ్డకు చూపునది ఏమి? గెలుచుటకు తగిన జట్టును కూర్చకయే బరిలోనికి పంపి, పూర్తి వెల పుచ్చుకొనుట న్యాయమా? ఆటగాని యౌవనము కొద్దియేండ్ల ముచ్చట. ఆ యేండ్లను మీ లెక్కల కొఱకు వ్యర్థము చేయుటకు మీకెవరు అధికారమిచ్చిరి? ఓడుట అలవాటైన యువకుడు గెలుచుట ఎవరివద్ద నేర్చుకొనును? ఆలస్యమున అమృతము విషమగును."

రెండు పక్షములలోను సత్యము కలదు. అందువలననే ఆ వాదము అంతకాలము సాగినది. అయితే ఒక విషయమును గూర్చి ఉభయులును తఱచుగా పొరపడిరని మా అభిప్రాయము. ఆ మూడేండ్లును ఆటగాండ్రు గాని, వారి శిక్షకుడైన బ్రెట్ బ్రౌన్ గాని, ఓడవలెనని ఆడలేదు. బలహీనమైన జట్టును కూర్చినవారు పైవారు. బరిలో నిలిచినవారు ప్రతిదినము గెలుచుటకే చెమటోడ్చిరి. డ్రాఫ్టులో ఎవరును ఎన్నుకొనని రాబర్టు కవింగ్టన్ 2014 లోను, అట్టివాడే యైన టి. జె. మెకానెల్ 2015 లోను ఆ జట్టున చేరిరి. మంచి జట్లలో వారికి చోటు లేకుండెను. ఓడు జట్టులో చోటు దొరకగా, దానిని వారు వ్యర్థము చేసికొనలేదు. కవింగ్టన్ 2018 లో సంఘమంతటిలో ఎదుటివారిని అడ్డగించుటయందు మేటియైన ఐదుగురిలో ఒకడుగా ఎన్నికయ్యెను. మెకానెల్ పదియేండ్ల తరువాత, 2025 లో, ఇండియానా జట్టుతో ఛాంపియన్ పదవికై చివరి అంచెలో ఆడెను. ఓడు జట్టులో నేర్చుకొనుటకు ఏమియు ఉండదనువారికి వీరిరువురు సమాధానము.

ఇక ఫలము సంగతి. మూడవ సంవత్సరము గడువకముందే, 2016 ఏప్రిలులో, హింకీ 13 పుటల లేఖ వ్రాసి పదవిని వదలుకొనెను. ఆ వేసవియందే లాటరీలో మొదటి వంతు ఫిలడెల్ఫియాకు వచ్చెను. నాటినవాడు పోయిన పిమ్మట చెట్టు కాపునకు వచ్చినట్లయ్యెను. ఆ వంతున ఎన్నుకొన్న బెన్ సిమ్మన్సును, ఆరోగ్యము చిక్కబట్టుకొన్న ఎంబీడును కలిసి ఆడగా, 2017-18 లో ఆ జట్టు 52 మ్యాచీలు గెలిచెను. రెండేండ్ల క్రిందట పది గెలిచిన జట్టు! ఓర్పు పక్షమువారు వీధులలో తల యెత్తుకొని తిరిగిరి.

కాని ఛాంపియన్ పదవి మాత్రము రాలేదు. 2019 మే 12 వ తేదీన టొరంటో నగరమున రెండవ అంచెలోని ఏడవ మ్యాచి జరిగెను. ఉభయపక్షములకు 90 పాయింట్లు సమానముగా నుండగా, కడపటి క్షణమున టొరంటో ఆటగాడు కవాయ్ లెనార్డ్ విసరిన బంతి బుట్ట అంచుమీద నాలుగు మాఱులు ఎగిరి లోపల పడెను. టొరంటో 92-90 గెలిచి, ఆ సంవత్సరము ఛాంపియన్ అయ్యెను. 2021 లో ఫిలడెల్ఫియా తూర్పు విభాగమున మొదటి స్థానము పొందియు రెండవ అంచెలోని ఏడవ మ్యాచిలో అట్లాంటా చేతిలో ఓడెను. ఆ మ్యాచిలో బుట్ట క్రిందనే నిలిచి బంతిని వేయుటకు జంకి మఱియొకనికి అందించిన సిమ్మన్సు, మఱల ఆ జట్టు పక్షమున ఆడలేదు. 2023 లో ఎంబీడ్ సంఘమంతటికి మేటి ఆటగాడుగా ఎన్నికయ్యెను. ఆ సంవత్సరమును రెండవ అంచెలోని ఏడవ మ్యాచిలోనే బోస్టన్ చేతిలో ఓటమి. మూడు ఏడవ మ్యాచీలు, మూడు ఓటములు.

లోపమెక్కడ నున్నది? దీనిని గూర్చి కూడ అభిమానులు నేటివఱకు వాదించుచునే యున్నారు. మాకు తోచిన కారణములు మూడు.

మొదటిది, అమరిక. నోయెల్, ఎంబీడ్, ఓకఫర్ మువ్వురును బుట్టయొద్ద నిలిచి ఆడు పొడుగరులు. మువ్వురిదియు ఒకే స్థానము. ఇల్లు కట్టదలచినవాడు మూడు దూలములు తెచ్చి గోడలను మఱచినట్లాయెను. కాగితముమీద మువ్వురును గొప్పవారే. బరిలో మువ్వురికి కలిసి చోటు లేదు. తుదకు 2017 లో నోయెల్ ను, ఓకఫర్ ను అల్పమైన బదులునకే ఇతర జట్లకు పంపివేయవలసివచ్చెను.

రెండవది, ఆరోగ్యము. నోయెల్ మొదటి యేడంతయు, ఎంబీడ్ మొదటి రెండేండ్లు, సిమ్మన్సు మొదటి యేడు ఆడనేలేదు. 2017 లో మొదటి వంతును సంపాదించుటకై ఫిలడెల్ఫియా తన మూడవ వంతును మఱియొక వంతును బోస్టనుకు ఇచ్చి, మార్కెల్ ఫుల్ట్సు అను యువకుని ఎన్నుకొనెను. అతనికి భుజపు వ్యాధి కలిగి మొదటి యేడు 14 మ్యాచీలే ఆడగలిగెను. బోస్టన్ ఆ మూడవ వంతున ఎన్నుకొన్న జేసన్ టేటమ్ 2024 లో తన జట్టును ఛాంపియన్ గావించెను. మనుష్యుని దేహము ఎవరి లెక్కకును లోబడునది కాదు.

మూడవది, రత్నమెల్లప్పుడు మొదటి వంతుననే ఉండునన్న భ్రమ. హింకీ డ్రాఫ్టు మొదలుపెట్టిన 2013 లోనే మిల్వాకీ జట్టు పదునైదవ వంతున గ్రీసు దేశపు యానిస్ అంటెటొకుంపోను ఎన్నుకొనెను; 2021 లో ఛాంపియన్ అయ్యెను. 2014 లో డెన్వర్ జట్టు నలుబదియొకటవ వంతున సెర్బియా దేశపు నికోలా యోకిచ్ ను ఎన్నుకొనెను. 2023 లో ఛాంపియన్ అయ్యెను. నలుబది మందిని ఎన్నుకొనిన పిమ్మట మిగిలినవాడు అతడు! ఫిలడెల్ఫియావారు మొదటనే ఇచ్చివేసిన జ్రూ హాలిడే సయితము 2021 లో మిల్వాకీతోను, 2024 లో బోస్టన్ తోను రెండుసార్లు ఛాంపియన్ అయ్యెను. సగము గెలుపుల జట్టునకు చిక్కు పదునైదవ వంతు పనికిమాలినదను లెక్క ఇచ్చటనే తప్పినది.

అయితే న్యాయముగా మఱియొక ఉదాహరణమును కూడ చెప్పవలెను. ఓక్లహామా సిటీ జట్టు 2020-21 లో 72 మ్యాచీలలో 22, మఱుసటి యేడు 82 లో 24 మాత్రమే గెలిచెను. వారును ఓర్పుతో వంతులను కూడబెట్టిరి. 2024-25 లో వారు 68 మ్యాచీలు గెలిచి, 2025 జూను మాసమున ఛాంపియన్లైరి. కావున ఓర్చియుండు మార్గమే తప్పని చెప్పుటకు వీలులేదు. భేదమేమనగా, వారి జట్టునకు వెన్నెముకయైన షే గిల్జస్ అలెగ్జాండర్ ను వారు ఓటమివలన సంపాదింపలేదు. ఓడుటకు పూర్వమే, 2019 లో, మార్పిడివలన తెచ్చుకొనిరి. అతనికి తగిన తోడు వెదకిరి. పండ్రెండవ వంతున జేలెన్ విలియమ్సును కనుగొనిరి. వారి ఓటములు రెండేండ్లలో ముగిసినవి. ఓటమి అవకాశమును కొనిపెట్టగలదు, జట్టును కొనిపెట్టజాలదు. జట్టును ఎన్నికచేతను, శిక్షణచేతను, కలిసి గెలిచిన అనుభవముచేతను కట్టుకొనవలెను.

ఈ వాదము అచటితో ముగియలేదు. 2024 లో ఫిలడెల్ఫియా పేరుగల పాల్ జార్జిని జీతమిచ్చి పిలిచెను. ఎంబీడ్, జార్జి, మాక్సీ అను మువ్వురిని చూచి, ఈసారి ఛాంపియన్ పదవి తప్పదని అభిమానులు పలువురు తలచిరి. ఆ సంవత్సరము ఎంబీడ్ 19 మ్యాచీలే ఆడగలిగెను. జట్టు 24 గెలిచి 58 ఓడెను. అప్పుడొక చిక్కు వచ్చెను. పూర్వమొక మార్పిడిలో చేసికొన్న ఒప్పందము ప్రకారము వారి డ్రాఫ్టు వంతు మొదటి ఆఱింటిలో రాకున్నచో ఓక్లహామా సిటీకి చెందును. కావున 2025 వసంతమున అభిమానులు మఱల రెండుగా చీలిరి. ఒకరు "ఓడిన వంతు దక్కును, ఓడనిండు" అనిరి. ఇంకొకరు "మఱల ఆ దారియేనా?" అనిరి. వంతు దక్కు అవకాశము నూటికి సుమారు 64 పాళ్లు. లాటరీలో మూడవ వంతు వచ్చెను. బహామా దీవులకు చెందిన వి. జె. ఎడ్జ్‌కోంబ్ అను యువకుని ఎన్నుకొనిరి. ఆ మువ్వురిలో మిక్కిలి నమ్మకముగా నిలిచిన టైరీస్ మాక్సీ మాత్రము, 2020 లో ఇరువదియొకటవ వంతున దొరకినవాడు. ఓటములతో కొనినవాడు కాదు.

సంఘమువారును ఈ వాదమునుండి పాఠము నేర్చుకొనిరి. 2019 లాటరీ మొదలుకొని మిక్కిలి ఓడిన మూడు జట్లకును మొదటి వంతు అవకాశమును సమానముగా, నూటికి 14 పాళ్లుగా, తగ్గించిరి. అందఱికంటె ఎక్కువ ఓడినవానికి ఇక ప్రత్యేక బహుమానము లేదు. మనుష్యులు ఓడుటకు ఆశపడుచున్నప్పుడు వారిని నిందించుట సులభము. ఆ యాశ పుట్టించు నియమమును సవరించుట మేలైన పని.

ఇందువలన మా విద్యార్థులు నేర్వదగినది కలదు. పాఠశాల జట్టును ఎన్నుకొను దినములలో మైదానముచుట్టును ఇట్టి వాదములే వినబడును. "వానిని తీసివేయుడు, వీనిని పెట్టుడు" అని బాలురు అందురు. ఇంటివద్ద తలిదండ్రులును అందురు. వాదించుట తప్పు కాదు. ఆటను ప్రేమించువారే వాదింతురు. కాని నోరు విప్పుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. తీసివేయువాని స్థానమున వచ్చువాడు ఎవడు? అతని ఆట తక్కిన నలుగురి ఆటతో పొసగునా? అతని దేహము ఆ శ్రమకు ఓర్చునా? అతడు నేర్చుకొనుటకు మనము ఎంతకాలము ఓర్వగలము? ఈ నాలుగింటికి జవాబు చెప్పలేని వాదము గాలిమేడ. ఫిలడెల్ఫియాలో ఆటను బాగుగా ఎఱిగినవారు సయితము మొదటి ప్రశ్నతోనే ఆగి, తక్కిన మూడింటిని మఱచిరి.

తలిదండ్రులకును ఒక మాట. పరీక్షలో వెనుకబడిన బాలుని చూచి "ఈ యేడు పోనిండు, వచ్చు యేడు చూతము" అనుట ఓర్పు కావచ్చును, ఉపేక్షయు కావచ్చును. ఈ రెంటికి భేదము ఒక్కటే: ఆ పోయిన యేడు బాలుడు ప్రతిదినము ఏమి చేసెను? పది గెలిచి డెబ్బదిరెండు ఓడిన ఆ సంవత్సరమున మెకానెల్ ప్రతి మ్యాచియందును ఎదుటివాని చేతిలోని బంతికై నేలమీద పడి పెనగులాడుచుండెను. ఆ పెనుగులాట ఆ నగరమునకు ఛాంపియన్ పదవిని తేలేదు. అయినను ఎవరును ఎన్నుకొనని ఆ యువకుడు తరువాతి పదియేండ్లును ఆ యాటలో నిలువగలుగుటకు అదియే మూలమయ్యెను. జట్టునకు రాబోవు కాలమెట్లుండునో పెద్దలు లెక్కించుకొందురు గాక. బరిలో నిలిచినవాడు నేటి మ్యాచిని నేడే ఆడవలెను.